తాగని కప్పు

నల్లమేక వెంట్రుకల గుడారం ఊపిరి పీలుస్తుందని తుర్ఫా నమ్మకం. నమ్మకమేమిటి, ఆమెకి తెలుసు. వడికింది తను, నేసింది తను. రెండు చలికాలాలు నడుం వంచి కూర్చుంటే తయారైంది ఆ గుడారం. ఒంటెలు మేపుకుంటూ తిరిగే ఆ ఎడారి జనంలో గుడారం నేసిన ఆడదానిదే ఇల్లు. మగవాడు అందులో ఉంటాడు, అంతే. మొగుడు బతికున్న రోజుల్లో మాటా మాటా పెరిగితే "లే, నా ఇంట్లోంచి లే" అనేది తుర్ఫా. ఆయన నోరు మూసుకుని, దుప్పటి చంకన పెట్టుకుని, ఒంటెల పక్కకి పోయి పడుకునేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆవిడ నోరు మాత్రం అలాగే ఉంది.

రఫ్హా పట్నంలో కొడుకు షాఫి కట్టిన మంచి ఇల్లుంది. అయినా చలికాలం రాగానే పికప్ బండిలో గుడారం వేయించుకుని ఉత్తరపు ఎడారికి బయల్దేరకపోతే తుర్ఫాకి ఆ ఏడు గడిచినట్టే ఉండదు. ఆ ఏడు కోడలు అరీజ్ కూడా వచ్చింది, యాభై రోజుల మనవరాలు షమ్మాని ఎత్తుకుని.

తీరా గుడారం నిలబెట్టి లోపలికి వెళ్లి చూస్తే, గోడలకీ పైకప్పుకీ నీలం ప్లాస్టిక్ పట్టా కుట్టించి ఉంది.

"ఏమిట్రా ఇది? నా ఇంటికి సంచీ తొడిగావా?"

"పసిదానికి చలిగాలి తగలకూడదని కుట్టించానమ్మా."

"అసలు గాలే తగలకపోతే?"

షాఫి నవ్వేసి బండి దగ్గరికి వెళ్లాడు. ఈసారి దించింది చిన్న గ్యాస్ బండ. దాని మీద ఇనప జల్లెడ మొహంలాగా బిగించిన హీటర్. దాన్ని చూసేసరికి తుర్ఫా మొహం మాడిపోయింది.

"తీసుకుపో దాన్ని."

"అమ్మా, అందరూ వాడుతున్నారు."

"అందరూ వాడుతున్నారు. కొందరు లేస్తున్నారు, కొందరు లేవట్లేదు."

మధ్యలో అరీజ్ కల్పించుకుంది. ఆ పిల్ల బడిలో పంతులమ్మ, ఏ పోట్లాటనైనా సగంలో ఆపడం అలవాటు. "అత్తా, మీరెలా చెబితే అలాగే వాడదాం. చెప్పండి."

తుర్ఫా వేళ్లు మడిచింది. మెలకువగా ఉన్నంతసేపే వెలగాలి. వెలిగినంతసేపూ తలుపు తెర ఎత్తే ఉండాలి, వెనక గోడ కింద జానెడు సందు ఉండాలి. మంట నీలంగా ఉండాలి, పసుపు తిరిగితే ఆర్పేయాలి. పరుపులకీ గోడకీ దూరంగా ఉండాలి. బండ మార్చేది బయటే. పడుకునే ముందు ఆర్పేసి, బండతో సహా తీసుకెళ్లి పికప్ దగ్గర పెట్టాలి. "ఇంకోటి. నా గుడారం అంచుల మీద ఒక్క పిడికెడు ఇసుక పడిందా, పోసినవాడి చేతులు విరగ్గొడతాను."

ఆ ఇసుక సంగతి అక్కడివాళ్లందరికీ అలవాటే. గాలి జోరుగా ఉన్న రాత్రి గుడారం అంచులు నేలకి దించి, చుట్టూ పారతో ఇసుక పోసి చేత్తో తడతారు. లోపల గాలి కదలదు. వెచ్చగా ఉంటుంది. వెంట్రుకల గుడారంలో మంట లేకుండా పడుకుంటే దానివల్ల ఏమీ కాదు.

"నేను ఇంకో వస్తువు తెచ్చాను," అంటూ అరీజ్ సంచీలోంచి అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బీ తీసింది. "విషగాలి చేరితే ఇది కూస్తుంది. ఆ గాలికి వాసన ఉండదు అత్తా, పొగ కూడా ఉండదు. మనకి తెలీదు."

"నాకు తెలుసులే," అంది తుర్ఫా.

తెలుసు మరి. పదకొండేళ్ల కిందట ఇక్కడికి రెండు కోసుల దూరంలో, బజారులో కొన్న గుడ్డ గుడారంలో ఆమె చెల్లెలు మజ్నా, చెల్లెలి మొగుడు సత్తామ్ పడుకున్నారు. తెల్లారి ఒంటెపాలు తీసుకుని వెళ్లింది తుర్ఫా. తలుపు తాళ్లు బిగించి ఉన్నాయి. చుట్టూ ఇసుక పోసి, అరచేతులతో తట్టి ఉంది. పిలిస్తే పలకలేదు. కత్తితో గోడ కోసింది. ఇద్దరూ హాయిగా నిద్రపోతున్నట్టే ఉన్నారు, బుగ్గలు కూడా ఎర్రగా ఉన్నాయి. గ్యాస్ అయిపోయి హీటర్ ఆరిపోయింది. ఇనప కాఫీకూజా పక్కన మూడు కప్పులు, ఆకుపచ్చ గీత ఉన్న చిన్న కప్పులు. రెండు వాళ్లవి. మూడోది అతిథి కూర్చునే చోట ఉంది. అడుగు కనపడేదాకా తాగేసి, బోర్లించి ఉంది.

అతిథి అడుగుజాడ ఒక్కటి లేదు. బండి చక్రాల జాడ లేదు. పోలీసులు "ఇద్దరిలో ఎవరో రెండో కప్పు తాగి ఉంటారు పెద్దమ్మా" అన్నారు. తుర్ఫా ఆ కప్పుల జతంతా పెరట్లో రాయితో చితక్కొట్టి పూడ్చేసింది. ఆ తర్వాత దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. పగలు ఎండ, వాన పడి మొలిచిన సన్నగడ్డి, పొయ్యి మీద జొన్నరొట్టె, నెయ్యి, ఖర్జూరాలు. రాత్రిపూట తుర్ఫా చెప్పిన లెక్కప్రకారం హీటర్ వెలిగేది, ఆరేది, బయటికి పోయేది. షాఫి దాన్ని మోసుకెళ్తూ "మీ అత్త నన్ను కాపలావాణ్ణి చేసింది" అని పెళ్లాంతో అనేవాడు. తుర్ఫాకి వినపడాలనే అనేవాడు.

నాలుగో రోజు గాలి ఉత్తరానికి తిరిగింది. సాయంత్రానికి నీళ్ల డబ్బాలో పైన పలచగా మంచు కట్టింది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. రాత్రి నమాజు అయ్యాక షాఫి హీటర్ ఆర్పాడు గానీ ఇంకా బయటపెట్టలేదు. గుడారం మధ్యలో నేసిన తెర ఉంది. తెరకి ఇవతల ఆడవాళ్ల వైపు, అవతల మగవాళ్లూ అతిథులూ కూర్చునే వైపు. అరీజ్ పిల్లకి పాలిచ్చి పడుకోబెట్టింది. తుర్ఫా వెనక గోడ కింది జానెడు సందు దగ్గర తన పరుపు వేసుకుంది. అక్కడే పడుకుంటుంది రోజూ. చలి కొట్టినా ఆ సందు వదలదు.

వాళ్ల కాపలాకుక్క మొరగడం మానేసింది.

మొరగని కుక్కలుంటాయి. కానీ ఈ కుక్క తోడేలు దగ్గితే చాలు, గుడారం ఎగిరిపోయేలా అరుస్తుంది. ఇప్పుడు అది పికప్ కిందికి దూరి, తోక కడుపు కింద పెట్టుకుంది. సందులోంచి తుర్ఫాకి కనపడుతోంది.

"ఇంటివాళ్లారా..."

మగగొంతు. తలుపు దగ్గరే. మాట మాత్రం ఎంతో దూరంనుంచి వచ్చినట్టుంది.

షాఫి చటుక్కున లేచాడు. అతిథి వచ్చాడంటే ఆ జనంలో మగవాడికి నిద్రా లేదు, చలీ లేదు. "రండి, రండి, మీ ఇల్లే అనుకోండి" అంటూ పరుపులు పరిచాడు. కూజా బొగ్గుల మీదికి జరిపాడు. యాలకుల వాసన తెర దాటి వచ్చింది.

తుర్ఫా తెర సందులోంచి చూసింది. పొడుగాటి మనిషి. ఎర్రగళ్ల తలగుడ్డ కళ్లదాకా చుట్టుకున్నాడు. తలుపువైపు వీపు పెట్టి కూర్చున్నాడు. బండి చప్పుడు వినలేదే, అనుకుంది. నడిచి వచ్చాడా? ఎక్కణ్ణించి?

షాఫి కప్పు నింపి కుడిచేత్తో ఇచ్చాడు. అతిథి అందుకున్నాడు. తాగలేదు. తన ముందు నేల మీద పెట్టాడు.

దాని అర్థం తెలియనివాడు ఆ ఎడారిలో ఉండడు. కప్పు ముట్టకుండా కింద పెట్టాడంటే అతనికి ఏదో కావాలి. అదిచ్చేదాకా తాగడు. అతిథి కాఫీ చల్లారిపోయిందంటే ఇంటివాడు తలెత్తుకు తిరగలేడు. అందుకే పరువున్నవాడు ఏం కావాలని కూడా అడగడు, ముందే మాటిచ్చేస్తాడు. షాఫి కూడా అదే చేశాడు.

"తాగండి. మీరు వచ్చిన పని అయినట్టే."

"తలుపు మూయండి," అన్నాడు అతిథి. "చలి."

షాఫి తెర దించి తాళ్లు కట్టాడు.

"కింద గాలి వస్తోంది."

పార చప్పుడు. బయట, తుర్ఫా సందు ఒక్కటి తప్ప గుడారం చుట్టూ ఇసుక పడుతోంది, పడుతోంది... తర్వాత అరచేత్తో తడుతున్న చప్పుడు.  షాఫి లోపలికి వచ్చి తాళ్లు మళ్లీ బిగించగానే తుర్ఫా తెర సందులోంచి గుసగుసలాడింది.

"ఒరేయ్! ఏం చేస్తున్నావురా?"

"అతిథి అమ్మా..."

"అయితే? నా ఇంటికి ఇసుక పోస్తావా?"

"మాటిచ్చేశాను. పొద్దున్నే తీసేస్తా. నలుగురిలో నా పరువు తీయకమ్మా." వాడి గొంతులో బతిమాలడం ఉంది. పాతికేళ్లు దాటిన కొడుకు అలా బతిమాలితే ఏ తల్లి నోరు లేస్తుంది? తుర్ఫా ఊరుకుంది. ఆ ఊరుకున్నందుకు తర్వాత తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు.

"అది వెలిగించండి," అన్నాడు అతిథి.

హీటర్ వెలిగింది. తెర మీద ఎర్రటి వెలుగు పడింది. షాఫి కబుర్లు చెబుతున్నాడు: వానల గురించి, గడ్డి గురించి, ఒంటెల ధరల గురించి. అతిథి ఊ కొట్టట్లేదు. కప్పు ముట్టట్లేదు. షాఫి మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి ఆవిరి వస్తోంది. అతిథి నోటి దగ్గర తలగుడ్డ కదలట్లేదు. ఆవిరి లేదు.

చాలాసేపటికి నడికంబానికి వేలాడదీసిన తెల్ల డబ్బీ కూసింది. కీచుమని, ఆగకుండా. అరీజ్ నిద్రలో మూలిగింది గానీ లేవలేదు. అవతలివైపు షాఫి గాభరాగా లేవడం కనిపించింది. "క్షమించండి, ఏదో పిల్లల బొమ్మ..." అంటూ డబ్బీ వెనక మూత తీసి బ్యాటరీలు ఊడబెరికాడు. అతిథి ముందు అలాంటి గోలేమిటని సిగ్గుపడ్డాడు పాపం. ప్రాణం నిలబెట్టడానికి కొన్న వస్తువు నోరు మర్యాద కోసం నొక్కేశాడు.



ఇప్పుడు లేద్దాం, ఇప్పుడు లేద్దాం అనుకుంటోంది తుర్ఫా. కాళ్లు కదలట్లేదు. కణతల్లో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది.  సందులోంచి మొహానికి చలిగాలి తగిలినప్పుడల్లా బుర్ర కాస్త తేటపడుతోంది, మొహం పక్కకి తిప్పితే మళ్లీ మత్తు. తెర సందులోంచి హీటర్ జల్లెడ మీద మంట చూసింది. నీలంగా లేదు. పసుపు.

షాఫి మాటలు తడబడుతున్నాయి. ఆగిపోయాయి.

"ఇంకొక్కటి," అన్నాడు అతిథి. "ఆడవాళ్ల వైపు... ఒక సందు ఉంది. అది కూడా మూయండి. తాగుతాను."

తుర్ఫా సందుకి వీపు అడ్డం పెట్టింది. ఈ సందు అటువైపునుంచి కనపడదు. తెర అడ్డం ఉంది.

షాఫి తెర ఎత్తుకుని వచ్చాడు. తూలుతున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ తల్లిని చూడట్లేదు. చేతిలో పార.

"జరుగమ్మా."

"జరగను."

"మాటిచ్చాను..."

"నువ్విచ్చావు. నేనివ్వలేదు."

వాడు ఒక అడుగు వేశాడు. మోకాళ్లు మడతపడ్డాయి. అరీజ్ కాళ్ల దగ్గర కుప్పకూలాడు. తుర్ఫా వాణ్ణి గుంజింది, కదల్లేదు. అరీజ్ చెంప మీద కొట్టింది, లేవలేదు. పిల్ల... పిల్ల ఎప్పుడు ఏడ్చింది చివరిసారి? రాత్రి రెండుసార్లు లేచి ఊరంతా లేపే పిల్ల. తుర్ఫా షమ్మాని దుప్పటితో సహా లాగి, తలని సందులోంచి బయటికి పెట్టింది. చలిగాలి ఆ చిన్న మొహం మీద కొట్టింది. పిల్ల ఏడవలేదు.

అప్పుడు తెర అవతలనుంచి గొంతు వచ్చింది. మగగొంతు కాదు.

"చలేస్తోందే అక్కా... మూసేయవే..."

మజ్నా గొంతు. చిన్నప్పుడు ఒకే గొంగడి కింద పడుకుని, కాళ్లు తన పొట్టకి ఆనించి అలాగే అనేది. పదకొండేళ్లుగా ఆ గొంతు వినలేదు తుర్ఫా. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఒక్క క్షణం... ఒక్క క్షణం చెయ్యి నిజంగానే గోడ అంచు మీదికి పోయింది, కిందికి లాగడానికి.

అంతలోనే ఒళ్లు మండింది.

"నా చెల్లెలు గడ్డకట్టిన నేల మీద వట్టికాళ్లతో ఒంటెలు తోలిందిరా," అంది. "చలేస్తోందని బతిమాలే రకం కాదు. దాని గొంతు నీ నోట్లో పెట్టుకుంటావా?"

మొలలోంచి మాంసం కోసే కత్తి లాగి, సందులో మొహం పెట్టి గుండెనిండా గాలి పీల్చుకుని లేచింది. తెర పక్కకి లాగి మగవాళ్ల వైపు వెళ్లింది.

వాడు అక్కడే ఉన్నాడు. కప్పు వాడి ముందుంది, నిండుగా. దాన్ని అంతవరకూ తుర్ఫా సరిగ్గా చూడలేదు. ఆకుపచ్చ గీత ఉంది దానికి. షాఫి నింపింది తమ ఇంటి తెల్లకప్పు. ఇది తను రాయితో చితక్కొట్టిన కప్పు.

అప్పుడు అర్థమైంది ఆమెకి. మజ్నా గుడారంలో ఆ మూడో కప్పు ఎందుకు ఖాళీగా ఉందో. అడిగాడు. ఇచ్చారు. తాగాడు.

వాడి చెయ్యి కప్పు వైపు కదిలింది. నెమ్మదిగా.

"ఆగు," అంది తుర్ఫా. "ఎవర్నడిగావు?"

"మీవాడు మాటిచ్చాడు..."

"వాడిదా ఈ ఇల్లు? నేసింది నేను. ప్రతి పోగూ నా తొడ మీద వడికాను. ఇది నా ఇల్లు, నన్నడగాలి. అడుగు!"

తలగుడ్డ కింద ఏదో కదిలింది. "మూయండి..."

"మూయను."

వంగి కప్పు లాక్కుంది. అది ఎంత చల్లగా ఉందంటే వేళ్లకి అతుక్కుపోయింది. అతిథి కప్పు ఒలకబోయడమంటే ఏడు తరాల పగ, అది ఆమెకి తెలుసు. తెలిసే, వాడి కళ్ల ముందే కప్పు ఎత్తి మొత్తం నేల మీద పోసింది. కప్పు వాడి వైపు విసిరికొట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా కత్తి గోడలో దింపింది. నీలం పట్టా, దాని వెనక తన నేత. రెండు చలికాలాల కష్టం. పైకప్పు దగ్గర్నుంచి నేలదాకా బర్రున చీల్చేసింది. గాలి విరుచుకుపడింది. ఇంకోచోట చీల్చింది. ఇంకోచోట.

హీటర్ మర తిప్పి ఆర్పి, బండతో సహా చీలికలోంచి బయటికి తన్నింది. అప్పుడు చూసింది వెనక్కి. అతిథి చోటు ఖాళీగా ఉంది. తలుపు తాళ్లు మాత్రం కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

ఒక్కొక్కర్ని బయటికి ఈడ్చింది. ఎలా ఈడ్చిందో ఇప్పటికీ ఆమెకే తెలీదు. షాఫి ఇసుకలో పడి వాంతులు చేసుకున్నాడు. అరీజ్ కళ్లు తెరిచి "షమ్మా..." అంది. తుర్ఫా పిల్లని గుండెకి హత్తుకుని, అరికాళ్లు గట్టిగా రుద్దుతూ, చుక్కల కింద అటూ ఇటూ నడుస్తూ తిడుతూనే ఉంది. "ఏడువే. మీ నాన్నలాగా మర్యాదలు నేర్చుకోకు. ఏడువే దొంగముండా, ఏడువు..."

పిల్ల ఏడ్చింది. మొదట పిల్లికూన లాగా, తర్వాత ఆ ఎడారంతా అదిరేలా. తుర్ఫా నేల మీద చతికిలబడి తనూ ఏడ్చింది. ఆ తర్వాత కన్నీళ్లు తుడుచుకుని, ముగ్గురినీ పికప్‌లో పడేసి, తనే నడిపింది రఫ్హా ఆసుపత్రిదాకా.

డాక్టరు వాళ్ల ముక్కులకి గాలి గొట్టాలు పెట్టాడు. ఇంకో అరగంట ఆగి ఉంటే ఎవరూ మిగిలేవాళ్లు కాదన్నాడు. ఆ విషగాలికి లేనివి కనపడతాయని, లేని గొంతులు వినపడతాయని కూడా చెప్పాడు. షాఫి ఆ మాట పట్టుకున్నాడు. "అంతే అయుంటుందమ్మా. లేకపోతే నేను ఇసుక పోయడమేమిటి?"

తుర్ఫా మనవరాలి దుప్పటి సర్దింది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం తల్లీకొడుకులు గుడారం విప్పడానికి వెళ్లారు. ఎండ బాగా కాస్తోంది. కుక్క దూరంగా ఆగిపోయింది, ఎంత పిలిచినా రాలేదు. ఇసుకలో షాఫి అడుగులున్నాయి, తుర్ఫా అడుగులున్నాయి, ఈడ్చిన జాడలున్నాయి. అంతే. షాఫి తలుపు తాళ్లు విప్పాడు.

అతిథి చోట, పరుపు ముందు, ఆకుపచ్చ గీత కప్పు. నిండుగా ఉంది. ఆవిరి లేస్తోంది. యాలకుల వాసన.

షాఫి దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. వాడి పెదాలు వాటంతటవే కదిలాయి. పుట్టినప్పట్నుంచీ విన్న మాట, తండ్రి నోటా తాత నోటా విన్న మాట. "తాగండి, మీరు వచ్చిన పని..."

తుర్ఫా అరచెయ్యి వాడి నోటి మీద ఫట్‌మని పడింది.

"అనకు. నా బిడ్డవైతే ఆ మాట ఇంకెప్పుడూ వాడితో అనకు."

వంగి కప్పు తీసి ఒలకబోసింది. "ఇంకా అడుగుతున్నావా?" అంది ఖాళీ చోటు వైపు చూసి. "అడుగుతూనే ఉండు."

ఈసారి కప్పు పగలగొట్టలేదు. కొంగుకి కట్టుకుంది. పగలగొట్టి లాభం లేదని తెలిసింది. పైగా అది కళ్ల ముందుంటే వాడెక్కడున్నాడో తెలుస్తుంది.

మరుసటి చలికాలం తుర్ఫా ఇక రాదని అందరూ అనుకున్నారు. వచ్చింది. చిరుగులు కుట్టుకుంది, కుట్టినచోటల్లా కావాలనే వేలు దూరే సందులు వదిలింది. ప్లాస్టిక్ పట్టా తగలబెట్టింది. హీటర్ బండ పికప్ దగ్గరే. తెల్ల డబ్బీ గుడారం నడికంబానికి, తాళం వేసిన జాలీ గూటిలో. తాళంచెవి ఆమె మెడలో. రోజూ పడుకునే ముందు ఆ కప్పు నింపి గుడారానికి నలభై అడుగుల దూరంలో పెట్టేది. తెల్లారి వెళ్లి చూసేది. చలికి పైన మీగడలా మంచు కట్టి, అంచుదాకా నిండుగా ఉండేది. "నువ్వడిగింది ఇవాళ కూడా లేదు" అని చెప్పి ఒలకబోసేది. అలా మూడు చలికాలాలు. షమ్మా నడక నేర్చింది, మాటలు నేర్చింది, నాన్నమ్మ వెనకే వచ్చి "లేదు!" అని తనూ అరిచేది.

ఈ ఏడు నాలుగోది. మొన్న ఉత్తరపు గాలి వీచిన రాత్రి గడిచాక, తెల్లవారుతుండగా తుర్ఫా ఎప్పట్లాగే వెళ్లింది.

కప్పు బోర్లించి ఉంది. తీసి చూస్తే అడుగు కనపడుతోంది. ఒక్క చుక్క లేదు.

తుర్ఫా నిటారుగా నిలబడి చుట్టూ చూసింది. అవతలి దిబ్బ వాలున, పట్నంనుంచి సరదాగా వచ్చినవాళ్ల గుడారాలు, తెల్లవి, ఏడు. ఆరింటికి తలుపు తెరలు ఎత్తి ఉన్నాయి. ఏడోదాని చుట్టూ ఇసుక పోసి ఉంది.

కత్తి మొలలోనే ఉంది. ఆమె పికప్ వైపు పరుగెత్తింది.